ముందు తిరుగు దారి చూసుకో తల్లీ

అమ్మలూ,

నువ్వు పెడల్ కయాక్ కొన్నావని, వచ్చే నెలలో శాంటాక్రూజ్ వైపు హాలిబట్ వేటకు వెళ్దామనుకుంటున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. చెబుతూనే, "నువ్వైనా మానమని చెప్పు అన్నయ్యా" అన్నాడు. మానమని నేను చెప్పను. ఈ కాలిఫోర్నియా తీరంలో ఇన్నేళ్లుగా ఉంటున్నాను. ఆ చేప కోసం తెల్లారకముందే లేచి వెళ్ళే మనిషిని, నిన్ను వద్దనడానికి నాకు నోరెలా వస్తుంది? మన ఇంట్లో సముద్రమంటే ఇంత ఇష్టపడే పిల్ల ఒకతి ఉందని సంతోషంగా కూడా ఉంది. అయితే నువ్వు పంపిన ప్లాన్ రెండుసార్లు చదివాను. ఏ రాడ్, ఏ రీల్, ఏ రంగు రబ్బరు ఎర, ఎన్ని అడుగుల లోతు, అన్నీ రాశావు. ఒడ్డుకు ఎలా తిరిగొస్తావో మాత్రం ఒక్క ముక్క లేదు. అందుకే కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

కయాక్ వేటకు ప్లాన్ చివరినుంచి మొదలుపెట్టాలి తల్లీ. ఎన్ని గంటలకు, ఏ చోట, ఎలాంటి అలల మీదుగా, ఎటునుంచి వీచే గాలిలో, ఒంట్లో ఎంత ఓపిక మిగిలుండగా ఒడ్డెక్కుతావో ముందు తేల్చుకో. అది తేలితే ఎంత దూరం పోవచ్చో, ఎంతసేపు ఉండొచ్చో, ఎక్కడ గాలం వెయ్యాలో ఆ లెక్కలోంచే వచ్చేస్తాయి. చేప సంగతి ఆఖర్న ఆలోచించినా కొంప మునగదు. అది ఇసకలో పడుకుని అక్కడే ఉంటుంది.

ముందు చోటు సంగతి. కపిటోలా బీచ్‌లో దిగుతానని రాశావు. మంచి చోటే. ఆ ఒడ్డు దక్షిణం వైపు చూస్తుంది కాబట్టి వాయవ్యం నుంచి వచ్చే పెద్ద అలలు నేరుగా తగలవు. పొద్దున్నే చూస్తే నీళ్ళు చెరువులా ఉంటాయి. కొత్తవాళ్ళకు చిక్కు వచ్చేది ఆ నిమ్మళంతోనే. వేసవిలో ఇక్కడ గాలి రోజూ మధ్యాహ్నానికి వాయవ్యం నుంచి లేస్తుంది. కపిటోలా ఒడ్డుకు ఆ గాలిని వెనకున్న నేల అడ్డుకుంటుంది. అందుకని ఒడ్డు పక్కన ఉన్నంతసేపూ గాలి లేచినట్టే తెలియదు. మైలు లోపలికి పోయాక అడ్డు పోతుంది, గాలి వీపు మీద పడుతుంది. అక్కడ అది నిన్ను నెట్టేది ఆగ్నేయానికి, అంటే నీ కారు ఉన్న చోటికి దూరంగా. పోయేటప్పుడు హాయిగా ఉంటుంది, ఎంత తేలిగ్గా పోతున్నానో అనుకుంటావు. తిరిగొచ్చేటప్పుడు ప్రతి గజానికీ పెడల్ తొక్కాలి, అదీ అలిసిపోయిన కాళ్ళతో.

అందుకని మొదటిసారికి నా మాట విని శాంటాక్రూజ్ హార్బర్‌లో దిగు. అక్కడ పడవలు దించడానికి ర్యాంపు ఉంది. కొంచెం రుసుము కట్టాలి, కట్టు. అలల్లోంచి పడవ తోసుకుపోయే గొడవ ఉండదు. లైట్‌హౌస్ దగ్గర హార్బర్ నోరు దాటాక పడమటికి తిరిగి పెద్ద వార్ఫ్ వైపు పో. సుమారు మైలు దూరం, నిదానంగా తొక్కినా అరగంటకు కాస్త అటూ ఇటూ. అదంతా గాలి వచ్చే వైపుకే. నువ్వు పోయేది తెల్లవారుజామున, గాలి లేవకముందు. వార్ఫ్‌కు బయట ఇసక నేల మీద ఇరవై నుంచి నలభై అడుగుల లోతులో వేట చేసుకుంటూ మెల్లగా తూర్పుకు కొట్టుకురా. పదకొండుకు గాలి లేచినా అది నిన్ను హార్బర్ వైపే తెస్తుంది. పోయేటప్పుడు గాలికి ఎదురు, వచ్చేటప్పుడు గాలితో. నా ప్లాన్‌లన్నీ ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తాయి.

మధ్యలో శాన్ లొరెంజో నది సముద్రంలో కలిసే చోటు వస్తుంది. అక్కడ ఇసక మేటలు ఉంటాయి, ఖాళీగా కనిపించే నీటిలో ఉన్నట్టుండి అల లేచి విరుగుతుంది. దానికి బాగా బయటినుంచి చుట్టి పో. వార్ఫ్ చివరకు మరీ దగ్గరకు పోకు. 2024 డిసెంబర్ తుపానులో ఆ చివర కొంత భాగం కూలి నీళ్ళలో పడింది. పైగా స్తంభాల కింద సీ లయన్‌లు కాపురముంటాయి. నీ గాలానికి పడ్డ చేపను సగంలోనే లాక్కుపోతాయి. హార్బర్ నోటి దగ్గర పెద్ద పడవలు వస్తూపోతూ ఉంటాయి. నువ్వు వాళ్ళకు కనిపిస్తున్నావని ఎప్పుడూ అనుకోకు. ఎత్తుగా జెండా కట్టుకో, అక్కడ ఆగి గాలం సర్దుకోకు, దాటేసెయ్.

ఎప్పటికైనా బీచ్‌నుంచి దిగే రోజు వస్తుంది కాబట్టి అలల గురించి కూడా చెప్పేస్తాను. వాతావరణ సూచనలో అల ఎత్తు ఒక్కటే చూస్తే సరిపోదు. పక్కనే సెకన్లలో ఇంకో అంకె ఉంటుంది, ఒక అలకూ తర్వాతి అలకూ మధ్య వ్యవధి అది. మూడడుగుల అల ఎనిమిది సెకన్లకు ఒకటి వస్తే మామూలు గాలి అల. అదే మూడడుగులు పదిహేడు సెకన్లకు వస్తే ఎక్కడో వేల మైళ్ళ అవతల తుపానులో పుట్టిన అల. బయట లోతు నీళ్ళలో అది కనిపించదు, ఒడ్డుకొచ్చాక లేచి నిలబడి బలంగా విరుగుతుంది. మాంటెరే బే బయట 46042 అనే నంబరు బోయా ఉంది. దాని లెక్కలు ఫోనులో ఎప్పుడైనా చూడొచ్చు. ముందురోజు రాత్రి ఒకసారి, పొద్దున బయలుదేరేముందు ఇంకోసారి చూడు. వేసవిలో దక్షిణం నుంచి పొడుగు వ్యవధి అలలు వచ్చే రోజులుంటాయి. కపిటోలా లాంటి దక్షిణపు ఒడ్లకు ఆ రోజుల్లో రక్షణ ఉండదు.

ఒడ్డుకు చేరాక వెంటనే పడవ దించకు. పావుగంట ఊరికే నిలబడి నీళ్ళు చూడు. పెద్ద అలలు గుంపుగా వస్తాయి, ఆ తర్వాత కాస్త తెరిపి ఉంటుంది. ఆ తెరిపి ఎంతసేపో నీ కంటికి అందేదాకా కదలకు. అలల్లోంచి వచ్చేటప్పుడు, పోయేటప్పుడు రాడ్లు పైన నిలబెట్టి ఉంచకు. పడవలో పెట్టి మూత వేసెయ్ లేదా పడుకోబెట్టి గట్టిగా కట్టెయ్. ఒడ్డెక్కేటప్పుడు కయాక్‌కూ ఒడ్డుకూ మధ్య నువ్వు ఎప్పుడూ నిలబడకూడదు. నీళ్ళు నిండిన కయాక్‌ను మోకాలి లోతు అల తోసినా చాలు, కాలు విరుగుతుంది. దిగితే సముద్రం వైపు దిగు, పడవ నీకంటే ముందు ఒడ్డుకు పోనీ.

ఇక చలి. నేను ఎక్కువగా భయపడేది దీనికే. కాకినాడ బీచ్‌లో గంటలు గంటలు ఈతలాడిన పిల్లవి. సముద్రమంటే నీ ఒంటికి గుర్తున్నది ఆ వెచ్చటి బంగాళాఖాతం. ఇక్కడి పసిఫిక్ అలాంటిది కాదమ్మా. వసంతంలో వాయవ్య గాలి పైనున్న నీటిని తీరంనుంచి బయటికి నెడుతుంది, దాని చోటులోకి అడుగునుంచి చల్లటి నీళ్ళు పైకొస్తాయి. ఎండ చురుక్కుమంటున్న జూన్ మధ్యాహ్నమైనా నీటి వేడి చాలా రోజులు 10 నుంచి 14 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన మంచినీళ్ళతో స్నానం చేసినట్టే అనుకో. అందులో పడగానే మొదటి నిమిషంలో నీ ప్రమేయం లేకుండా ఎగశ్వాస వస్తుంది. ఆ క్షణంలో నోరు నీటి కింద ఉంటే ఎంత ఈత వచ్చినా లాభం లేదు. లైఫ్ జాకెట్ అవసరమయ్యేది ముందుగా ఆ నిమిషానికే. దాన్ని సీటు వెనక పెట్టుకునేవాళ్ళను చాలామందిని చూస్తావు, వాళ్ళను చూసి నేర్చుకోకు. ఒంటి మీద, బకిల్స్ అన్నీ పెట్టి, బిగించి ఉండాలి.

ఆ నిమిషం దాటితే తర్వాతి పది నిమిషాల్లో వేళ్ళు మొద్దుబారడం మొదలవుతుంది. చెయ్యి కనిపిస్తూ ఉంటుంది, మాట వినదు. బకిల్ ఊడదు, తాడు ముడి అందదు, ఫోను తెర మీద వేలు గుర్తుపట్టదు. అందుకని పడిపోయిన వెంటనే, చేతులు పనిచేస్తుండగానే పడవెక్కాలి. ఎక్కడం ఇంటి దగ్గర వీడియోలో చూస్తే రాదు, ఒంటికి అలవాటు కావాలి. బోల్తాపడిన పడవను తిప్పడం, పొట్ట మీద పడవకు అడ్డంగా పాకడం, వెల్లకిలా తిరిగి కూర్చోవడం, ఆ తర్వాతే కాళ్ళు లోపలికి తెచ్చుకోవడం. కయాక్ నేర్పేవాళ్ళ దగ్గర ఒక క్లాసు తీసుకుని, వేటకు వేసుకునే బట్టలతోనే, ఆ జాకెట్‌తోనే సాధన చెయ్. కొత్త రాడ్‌కు పెట్టే డబ్బు ఈసారికి ఆ క్లాసుకు పెట్టు. రాడ్ నా దగ్గర ఉంది, పట్టుకెళ్ళు.

బట్టలు గాలి వేడిని చూసి వేసుకోకు, నీటి వేడిని చూసి వేసుకో. మంచి వెట్‌సూట్ చాలు. డ్రైసూట్ కొనగలిగితే ఇంకా మంచిది, లోపల ఉన్ని బట్టలు వేసుకోవచ్చు. జీన్స్, కాటన్ టీషర్ట్ వద్దు, తడిస్తే ఒంటి వేడిని లాగేస్తాయి. చెమట పడుతుందని నీకు విసుగొస్తుంది, నాకు తెలుసు. చెయ్యి ముంచి మెడ మీద నీళ్ళు పోసుకుంటే ఆ ఉక్క పోతుంది.

జాకెట్‌కు కట్టుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి ఈల. రెండోది నీళ్ళలో తేలే వీహెచ్ఎఫ్ రేడియో. 16వ చానల్‌లో మాట్లాడితే కోస్ట్ గార్డు వింటుంది, చుట్టూ ఉన్న పడవలూ వింటాయి. మన తీరంలో సరదాకు తిరిగేవాళ్ళు చేతి రేడియో వాడడానికి లైసెన్సు అక్కర్లేదు. పడవకు కట్టిన రేడియో పడవతో పాటే కొట్టుకుపోతుంది, అందుకని నీ ఒంటికే ఉండాలి. తెడ్డుకు తాడు కట్టుకో. పెడల్ కయాక్ కదా అని తెడ్డు ఇంట్లో వదిలెయ్యకు, పెడల్ విరిగిన రోజు నీకు దిక్కు అదే. పొగమంచు సంగతి కూడా చెప్పాలి. వేసవి పొద్దుల్లో ఇక్కడ అది తెరలా దిగుతుంది, పది నిమిషాల్లో ఒడ్డు మాయమవుతుంది. ఫోనులో మ్యాప్ ఉన్నా జాకెట్ జేబులో ఒక దిక్సూచి పెట్టుకో. బయలుదేరేముందు ఒడ్డు ఏ దిక్కున ఉందో నోటితో అనుకుని మరీ దిగు.

జంతువుల మాట. సీక్లిఫ్ దగ్గర నీళ్ళలో సగం మునిగిన సిమెంటు ఓడ ఉంది చూడు, ఆ చుట్టుపక్కల ఆప్టోస్ తీరంలో వేసవిలో పిల్ల గ్రేట్ వైట్ షార్క్‌లు తిరుగుతాయి. అవి తినేది చేపల్ని, నీ జోలికి రావడం అరుదు. కానీ నెత్తురోడే చేపను పడవ పక్కన తాడుకు వేలాడదీసుకుని అక్కడ తిరగకు. నన్నడిగితే షార్క్ కన్నా తిమింగలం విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి. నెత్తళ్ళ గుంపు పైకొచ్చి నీళ్ళు ఉడుకుతున్నట్టు కనిపిస్తే, పక్షులు దూకుతుంటే, వేటగాడికి ప్రాణం లాగుతుంది. హంప్‌బ్యాక్ తిమింగలం వచ్చేదీ ఆ గుంపు కోసమే, అదీ కిందనుంచి, నోరు తెరుచుకుని. 2015 సెప్టెంబర్‌లో మాస్ లాండింగ్ దగ్గర ఇద్దరున్న కయాక్ మీద ఒక తిమింగలం ఎగిరిపడింది. 2020లో ఆవిలా బీచ్ దగ్గర ఇంకొకటి కయాక్‌ను బోల్తా కొట్టించి, అందులో ఉన్న ఇద్దరినీ ఒక్క క్షణం నోట్లోకి తీసుకుంది. అందరూ బతికి బయటపడ్డారు, అదృష్టం. నువ్వు మాత్రం నెత్తళ్ళు ఉడికే చోటుకు కనీసం వంద గజాల దూరంలో ఉండు. హాలిబట్‌కు ఆ గుంపు మధ్యలోకి పోనక్కర్లేదు కూడా, అంచున అడుగునే ఉంటుంది.

ఇప్పుడు చేప దగ్గరకు వద్దాం. చాలామంది హాలిబట్ అనగానే అలాస్కాలో పట్టే మనిషంత చేపను తలుచుకుంటారు. అది పసిఫిక్ హాలిబట్, చల్లటి లోతు నీళ్ళది. నీకు ఇక్కడ పడేది కాలిఫోర్నియా హాలిబట్, వేరే జాతి. దీని రికార్డు చేప 2011లో శాంటా రోజా దీవి దగ్గర పడింది, 67 పౌన్ల పైన తూగింది. నీకు పడేది నాలుగైదు పౌన్లుంటే ఆ రోజు పండగే. వసంతం నుంచి ఇవి గుడ్లు పెట్టడానికీ మేతకూ లోతు తక్కువ ఇసక నేలకు వస్తాయి. మన వైపు ఏప్రిల్, మేల నుంచి సెప్టెంబర్ దాకా దొరుకుతాయి.

దీని బతుకు తెలిస్తే గాలం ఎలా వెయ్యాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. పుట్టినప్పుడు మామూలు చేపలాగే చెరో పక్కా ఒక కన్ను ఉంటుంది. కొన్ని వారాలకు ఒక కన్ను తల మీదుగా రెండో పక్కకు జరుగుతుంది, ఆ తర్వాత చేప అడుగుకు దిగి ఒక పక్క మీద పడుకుంటుంది. పై పక్క ఇసక రంగు, కింది పక్క తెలుపు. రెక్కలతో ఇసక విదిలించి ఒంటి మీద కప్పుకుని, రెండు కళ్ళు మాత్రం పైకి పెట్టి ఎదురుచూస్తుంది. అది వెతుక్కుంటూ తిరిగే రకం కాదు, తన మీదుగా పోయేదాన్ని అందుకునే రకం. కాబట్టి నీ ఎర నేలకు అడుగు, రెండడుగుల ఎత్తులో పోవాలి. ఇంకా పైన పోతే దాని కంటపడినా చాలాసార్లు లేవదు. ఒకే చోట లంగరేసి కూర్చోవడం దండగ. గాలి, ప్రవాహం మెల్లగా తోస్తుంటే ఎక్కువ ఇసక మీదుగా ఎర తిప్పాలి. గంటకు అర మైలు నుంచి మైలు దాకా వేగం సరిపోతుంది. ఆటూపోటూ పూర్తిగా ఆగిపోయిన వేళ చేప బద్ధకిస్తుంది, నీరు కదులుతున్న గంటలు చూసుకో. ఇసకకూ రాతికీ మధ్య అంచులు, లోతు మారే మెట్లు, కెల్ప్ నాచు బయటి అంచు, ఇవన్నీ అది కాపు వేసే చోట్లే.

మొదటిసారికి ఎరను తేలిగ్గా పెట్టుకో. మూడు రింగుల స్వివెల్‌కు ఒక వైపు పొట్టి దారంతో సీసం గుండు, ఇంకో వైపు మూడు నాలుగు అడుగుల దారానికి హుక్. దానికి నెత్తళ్ళో, కవళ్ళో గుచ్చు, ప్రాణమున్నవి దొరికితే మరీ మంచిది. రబ్బరు ఎరతో వేస్తే చేప తగలగానే రాడ్ లేపాలి. ప్రాణమున్న ఎరతో అలా చెయ్యకు. హాలిబట్ చాలాసార్లు ముందు తోక పట్టుకుంటుంది. టక్ టక్ మని రెండు కొట్లు తెలుస్తాయి, తర్వాత రాడ్ కొన బరువుగా వంగుతుంది. ఆ బరువు వచ్చేదాకా కొన్ని సెకన్లు ఆగు. ఆగడం కష్టంగా ఉంటుంది, గుండె కొట్టుకుంటుంది, అయినా ఆగు.

పడ్డాక అది నీకు తేలిగ్గా అనిపిస్తుంది. నేల నుంచి ఏదో తడి గోనె సంచి లేపినట్టు వస్తుంది, పెద్దగా పెనుగులాడదు. పడవ పక్కకు వచ్చి, వెలుతురు చూసి, అప్పుడు లేస్తుంది దాని కోపం. ఒళ్ళంతా ఒక్క కండరమే అది. తల నీటి పైకి తీశావో, హుక్ ఊడేలా కొట్టుకుంటుంది. కాబట్టి తల ఎప్పుడూ నీటి కిందే ఉంచు. వలను ముందే నీటిలో ముంచి కదలకుండా పట్టుకో, చేపను వల దగ్గరకు తీసుకురా, తల ముందుగా వెళ్ళేలా. తోక వైపునుంచి వల వేస్తే తప్పించుకుంటుంది. పడవలోంచి వేట చేసేవాళ్ళ దగ్గర 18 అంగుళాలకు తక్కువ కాని మూతి ఉన్న వల ఉండాలని ఇక్కడి చట్టమే చెబుతుంది, హాలిబట్‌కు అంతకంటే పెద్దదే కొను. వలలో పడిన దాన్ని ప్రాణంతో ఒళ్ళోకి తెచ్చుకోకు. దానికి సూదుల్లాంటి పళ్ళుంటాయి, నీ హుక్ ఇంకా దాని నోట్లోనే ఉంటుంది, అది కొట్టుకునేది నీ తొడల మధ్య. వలను పడవ పక్కన నీళ్ళలోనే ఉంచి కొలత చూడు. ఉంచుకునేదైతే తల మీద చిన్న కర్రతో గట్టిగా ఒక్క దెబ్బ వేసి, మొప్పలు కోసి నెత్తురు పోనిచ్చి, ఐసు సంచిలో పెట్టు. ఇదంతా అవుతుండగా రెండు మూడు నిమిషాలు నువ్వు తల వంచుకునే ఉంటావు. పూర్తవగానే ముందు తలెత్తి ఒడ్డు ఎక్కడుందో చూడు.

కొలత 22 అంగుళాలు, నోరు మూసి తోక కొసదాకా. అంతకు అర అంగుళం తగ్గినా వదిలెయ్యాలి, మెల్లగా, తడి చేతులతో. ఇక్కడ గొడవ జరిమానా ఒక్కటే కాదు. 22 అంగుళాలు దాటిన చేపల్లో ఎక్కువ ఆడవే, మగవి అంత పెరగడం తక్కువ. ఆ కొలతకు రావడానికి వాటికి అయిదారేళ్ళు పడుతుంది. 2023లో సాల్మన్ వేట మూసేశాక వేటగాళ్ళంతా హాలిబట్ మీద పడ్డారు. ఆ ఏడు జూన్ 1 నుంచి పాయింట్ సర్‌కు ఉత్తరాన రోజుకు మూడు చేపల పరిమితిని రెండుకు తగ్గించారు. రూల్స్ మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందురోజు రాష్ట్ర చేపల శాఖ సైట్‌లో చూసుకో. లైసెన్సు తీసుకో, ఇప్పుడది కొన్న రోజు నుంచి 365 రోజులు చెల్లుతుంది. నాచురల్ బ్రిడ్జెస్ దగ్గరున్న రక్షిత ప్రాంతంలో ఏమీ పట్టకూడదు, దాని గీత మ్యాప్‌లో ముందే చూసుకో. రెండు చేపలు పడితే నాకు ఆనందమే. నీకు అవసరమైంది ఒక్కటే అనుకుంటే ఒక్కదానితో ఆగు, ఇంకా ఆనందపడతాను.

తెచ్చాక వండటంలో తొందరపడకు. హాలిబట్ మాంసంలో కొవ్వు తక్కువ, మన కొర్రమీనులా పులుసులో ఎక్కువసేపు తట్టుకోదు. మందపాటి ముక్కలకు ఉప్పు, పసుపు, కారం, కాస్త అల్లంవెల్లుల్లి పట్టించి, పెనం బాగా కాలాక వేసి, ఒకేసారి తిప్పి, ముక్క మధ్యలో తెల్లబడగానే దించెయ్. పులుసుకు తల, నడుమెముక ఉంచుకో. మీ నాన్నమ్మ చేసినట్టు చింతపండు పులుసు ముందు బాగా మరగనిచ్చి, చివర్లో అవి వేసి, గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పితే చాలు. మీ అక్క ఇప్పుడు ఆరో నెల కదా, సముద్రపు పెద్ద చేపల్లో పాదరసం ఉంటుంది. గర్భిణులు ఏ చేప వారానికి ఎంత తినొచ్చో రాష్ట్ర ప్రభుత్వం జాబితా ఇస్తుంది, అది చూసి అక్కకు పెట్టు.

ఇంకో మాట. రద్దు చేసుకునే హక్కు నీ దగ్గరే ఉంచుకో. సెలవు పెట్టావని, స్నేహితురాలు ఫ్రీమాంట్ నుంచి వచ్చిందని, హైవే 17 మీద మలుపులన్నీ తిరిగి వచ్చామని, తీరా గాలి చూసి వెనక్కి పోవడానికి మనసొప్పదు. అందుకే హద్దులు ఇంట్లో ఉన్నప్పుడే రాసుకో. గాలి సూచన 10 నాట్లు దాటితే దిగను, అల వ్యవధి ఇంత దాటితే బీచ్‌నుంచి దిగను, పది గంటలకు చేప పడినా పడకపోయినా వెనక్కి తిరుగుతాను, అలా. ఒడ్డున నిలబడ్డాక ఆ అంకెల మీద బేరాలాడకు. దిగలేని రోజున వార్ఫ్ మీదకు నడిచివెళ్ళి గాలం వెయ్, పబ్లిక్ వార్ఫ్ మీద వేటకు లైసెన్సు కూడా అడగరు. ఒంటరిగా మాత్రం ఈ ఏడాది పోవద్దు. ఇద్దరు కలిసి వెళ్ళడమంటే ఇద్దరూ ఒకే నీళ్ళలో ఎక్కడో ఉండటం కాదు, పిలిస్తే వినపడేంత దూరంలో ఉండటం.

వెళ్ళే ముందురోజు సాయంత్రం నాకొక మెసేజ్ పెట్టు. ఎక్కడ దిగుతున్నారు, ఎటు పోతున్నారు, కయాక్‌లు ఏ రంగు, జాకెట్లు ఏ రంగు, కారు నంబరు, నీ స్నేహితురాలి ఫోను, ఎన్ని గంటలకు ఒడ్డెక్కుతారు, ఇవన్నీ అందులో ఉండాలి. నువ్వు పదకొండున్నర అని రాస్తే పన్నెండు వరకూ నేను ఫోను పక్కనే ఉంటాను. పన్నెండున్నరకూ నీ కబురు లేకపోతే హార్బర్ పట్రోల్‌కు, కోస్ట్ గార్డుకు ఫోను చేసి ఆ మెసేజ్ చదివి వినిపిస్తాను. నీ ఫోను చార్జింగ్ అయిపోయి నువ్వు కారులో నిద్రపోతున్నా సరే, చేస్తాను. కాబట్టి ఒడ్డెక్కగానే, పడవ కడగకముందే, చేపకు ఫొటో తీయకముందే, "వచ్చేశాను పెదనాన్నా" అని ఒక్క ముక్క పంపు. రాడ్, పెద్ద వల, దిక్సూచి మన గ్యారేజీలో తలుపు పక్కనే పెట్టి ఉంచాను. శనివారం వచ్చి తీసుకెళ్ళు, భోజనానికి ఉండేలా రా.

మీ పెదనాన్న